మిడిల్ గ్రామపు వరుసలు

ఒక ఊరి చరిత్ర వ్రాయబూనిన వానికి ఆధారాల సేకరణకన్న ముందే ఒక చిక్కు ఎదురవుతుంది. ఎక్కడ ఆరంభించాలి? దేని తరువాత దేనిని చెప్పాలి? రాజ్యచరిత్రకు పట్టాభిషేకాలున్నవి, యుద్ధాలున్నవి. అక్కడ కాలం తనంతట తానే అధ్యాయాలుగా తెగుతుంది. కవి చరిత్రకు కృతులున్నవి. ఊరికి కాలంలో అట్టి పొలిమేరలు లేవు. అక్కడ అన్నీ ఒక్కసారే జరుగుతూ ఉంటవి. ఒక ఇంట పెళ్లి, పక్క ఇంట జప్తు, వీధి చివర ఒక ముసలిదాని మరణం. ఈ చిక్కునుంచి బయటపడటానికి స్థలచరిత్రకారులు సాధారణంగా రెండు దారులు తొక్కినారు. దేవాలయంతో ఆరంభించి దాని మహిమలను, మాన్యాలను చెప్పుకుంటూ పోవడం ఒకటి. ఊరిని ఏలిన ప్రభువంశాన్ని పట్టుకొని తాతనుంచి మనుమని దాకా దిగి రావడం మరొకటి. ఇంగ్లండులో 1656లో వెలువడిన విలియం డగ్‌డేల్ గారి వార్విక్‌షైర్ చరిత్ర ఈ రెండవ దారిలో శిఖరం వంటిది. అందులో వంశవృక్షాలున్నవి, సమాధులున్నవి, వంశచిహ్నాలున్నవి. పొలం దున్నినవాడు మాత్రం ఎక్కడనో గాని కనిపించడు.

డగ్‌డేల్ తరువాత అర్ధ శతాబ్దం కూడ తిరగక ముందే రిచర్డ్ గాఫ్ అనే రైతు మూడవ దారి కనిపెట్టినాడు. పశ్చిమ ఇంగ్లండులో, వేల్సు సరిహద్దున, ష్రాప్‌షైర్ అనే జిల్లా ఉన్నది. దాని ముఖ్య పట్టణం ష్రూస్‌బరీకి ఉత్తరంగా సుమారు ఎనిమిది మైళ్ల దూరంలో మిడిల్ అనే ఊరు. ఒక చర్చి, దాని చుట్టూ కొన్ని శివారు గ్రామాలు, అన్నీ కలిసి ఒక పారిష్. ఆ శివారులలో ఒకటైన న్యూటన్‌లో 1635లో పుట్టి, 1723లో ఎనుబది ఎనిమిదవ యేట కన్ను మూసినవాడు గాఫ్. అరువది ఆరేండ్ల వయస్సులో, 1701లో, అతడు తన ఊరి చర్చిలో ఎవరు ఏ బల్లమీద కూర్చుంటారో ఒక పటం గీసినాడు. తరువాత మొదటి బల్లనుంచి కడపటి బల్లదాకా, ఒక్కొక్క దానిమీద కూర్చునే హక్కు గల కుటుంబాల కథ చెప్పుకుంటూ పోయినాడు. అంతకు ముందు సంవత్సరమే పారిష్ ప్రాచీన విశేషాలను గురించి ఆ కాలపు పండితులు మెచ్చే పద్ధతిలో ఒక భాగం వ్రాసి ఉన్నాడు. చర్చి, సరిహద్దులు, చెరువులు, శిథిలమైన కోట, అన్నీ అందులో ఉన్నవి. చదువదగినదే. అయితే ఈనాడు గాఫ్‌ను మనం తలచుకొనేది రెండవ భాగానికే.

చర్చి బల్లల సంగతి కొంత వివరించక తప్పదు. అవి వచ్చినవాడు వచ్చినచోట కూర్చునే బల్లలు కావు. ప్రతి కుటుంబానికీ నిర్ణీతమైన చోటున్నది. ఆ హక్కు మనిషిది కాదు, ఇంటిది, పొలానిది. పొలం చేతులు మారితే బల్లమీది చోటు కూడ మారుతుంది. వేదికకు దగ్గరగా పెద్ద భూస్వాములు, వారి వెనుక మోతుబరి రైతులు, ఆ వెనుక చిన్న రైతులు, కడపట దక్షిణపు గోడ వైపు పాకలలో ఉండేవారు. ఆదివారం నాడు ఆ చర్చి తలుపు దగ్గర నిలుచుండి చూచిన కొత్తవాడు ఊరి అంతస్తులన్నీ వీపుల వరుసలనుబట్టి చదువుకోవచ్చు. అందుచేతనే బల్లలకోసం తగవులు రేగేవి. ఆ తగవులు తీర్చడానికి పనికివచ్చే కాగితంగా కూడ గాఫ్ తన రచనను భావించినాడు. ఈ పుస్తకపు రూపం కావ్యశాస్త్రంనుంచి రాలేదు. అది దస్తావేజునుంచి వచ్చినది.

గాఫ్‌కు దస్తావేజులతో పరిచయం సామాన్యమైనది కాదు. యౌవనంలో అతడు రాబర్ట్ కార్బెట్ అనే మేజిస్ట్రేటు వద్ద గుమాస్తాగా పనిచేసినాడు. లాటిను వచ్చు, సమయం దొరికితే ఒక సూక్తి తగిలించే సరదా కూడ ఉన్నది. మన వైపు మాటలో చెప్పాలంటే కరణం చేతివ్రాతా, రైతు చూపూ ఒక్క మనిషిలో కలిసినవి. దీనికి తోడు ఆ ప్రాంతపు కౌలు పద్ధతి ఒకటి అతని జ్ఞాపకశక్తికి సాన పట్టినది. అక్కడ భూములు తరచుగా మూడు ప్రాణాల కౌలుకు ఇచ్చేవారు. కౌలు పత్రంలో ముగ్గురి పేర్లు వ్రాస్తారు. ఆ ముగ్గురిలో ఒక్కడు బ్రతికి ఉన్నంతకాలం కౌలు చెల్లుతుంది. కడపటివాడు పోయిన నాడు భూమి యజమానికి తిరిగిపోతుంది. లేదా మరల రొక్కం చెల్లించి కొత్త పేర్లు చేర్చుకోవాలి. అట్టి ఊళ్లో ఎవరు ఎప్పుడు పుట్టినారు, ఎవరు ఎవరి కొడుకు, దేశాంతరం పోయినవాడు బ్రతికి ఉన్నాడా లేదా అన్నవి ఉబుసుపోక మాట్లాడుకునే మాటలు కావు. కూడూ గూడూ వాటిమీద ఆధారపడి ఉన్నవి. గాఫ్ మూడు తరాల పుట్టుకలూ చావులూ అంత ఖచ్చితంగా ఎట్లా గుర్తుంచుకున్నాడని ఆశ్చర్యపడేవారు ఈ కౌలు సంగతి మరువరాదు.

బల్లల పటం గాఫ్‌కు రెండు మేళ్లు చేసినది. మొదటిది, ఎవరినీ దాటిపోవడానికి వీలు లేకుండా చేయడం. వంశచరిత్ర వ్రాసేవాడు తనకు నచ్చిన శాఖను పట్టుకొని మిగిలినవి వదలిపెట్టవచ్చు. పటం ముందు పెట్టుకున్నవాడు ఒక బల్లను వదలితే అక్కడ ఖాళీ కనిపిస్తుంది. కనుక దొంగ వంతు వచ్చినప్పుడు దొంగను గురించీ, తాగుబోతు వంతు వచ్చినప్పుడు తాగుబోతును గురించీ వ్రాయక తప్పలేదు. తన గాఫ్ వంశాన్ని కూడ వారి బల్ల వంతు వచ్చినచోటనే చెప్పినాడు. రెండవ మేలు మరింత సూక్ష్మమైనది. పటం అంతస్తులను చూపుతుంది. కథలు ఆ అంతస్తులను లెక్కచేయవు. ముందు బల్లమీద కూర్చున్నవాడు పరమ లోభి కావచ్చు, వ్యభిచారి కావచ్చు. వెనుక బల్లవాడు నిజాయితీపరుడు కావచ్చు, లేదా వాడూ దొంగే కావచ్చు. రచయిత ఎక్కడా సమానత్వాన్ని ప్రబోధించలేదు. అంతస్తుల వ్యవస్థ దైవనిర్మితమని నమ్మిన మనిషి అతడు. అయినా ముందు బల్లకు ఎంత శ్రద్ధ పెట్టినాడో, వెనుక బల్లకు అంతే పెట్టినాడు. అతని నమ్మకంకన్న అతని పద్ధతి ఉదారమైనది.

కొన్ని ఉదాహరణలు చూడవచ్చు. వెన్‌లాక్ అనే ఇంటి పేరుగల ఒక పేదవాడు రొట్టెల పొయ్యిలోకి ఇరుగు పొరుగు పొలాల కంచెలు పీకి తెచ్చేవాడు. ఒక భూస్వామి నౌకరు ఎండుకర్ర ఒకటి తీసుకొని, దానికి తొలిచి తుపాకి మందు కూరి, మేకుతో బిగించి, కంచెలో పెట్టినాడు. కర్ర పొయ్యిలోకి చేరినది. పొయ్యి కప్పు ఎగిరిపోయినది. ఇంటి ఒక కొస అంటుకొన్నది. గాఫ్ ఇందులో నీతి చెప్పలేదు. ఎవరిది తప్పో కూడ చెప్పలేదు. కర్రను ఎట్లా తొలిచినారో మాత్రం శ్రద్ధగా చెప్పినాడు.

జాన్ ఆస్టన్ అనే మరొకడు మందబుద్ధి, సోమరి, కోళ్ల దొంగ. ఊరివారు దొరికినప్పుడల్లా చావగొట్టి వదలిపెట్టేవారు. ఎంతకీ మానకపోతే చివరకు ష్రూస్‌బరీలో న్యాయస్థానానికి ఎక్కించినారు. పన్నెండు పెన్నీల విలువ దాటిన దొంగతనానికి ఉరి పడే కాలం అది. జ్యూరీవారు నేరం రుజువైనదనీ, సొత్తు విలువ పదకొండు పెన్నీలనీ తీర్పు చెప్పినారు. న్యాయమూర్తి పగలబడి నవ్వి, ఈ ప్రాంతంలో కోళ్లు ఇంత చవక అని తెలిసినందుకు సంతోషించినాడట. ఒక తరం మీది క్రూరమైన చట్టం, ఆ చట్టాన్ని పల్లెటూరివారు వంచి మనిషి ప్రాణం కాపాడిన తీరు, ఆ వంపును తెలిసి తెలియనట్లు నటించిన పెద్దమనిషి, ఈ మూడూ ఒక కోళ్ల దొంగ కథలో ఇమిడినవి. న్యాయశాస్త్ర చరిత్రకారులు దీనిని వివరించడానికి ఎన్నో పుటలు ఖర్చు చేస్తారు.

అన్నీ ఇట్లా నవ్వుతో ముగిసేవి కావు. థామస్ ఎల్క్స్ అనేవాడు అన్న ఆస్తికోసం, తల్లిదండ్రులు లేని అన్నకొడుకును, పసివాణ్ని, పొలంలో నీళ్ల బానలో తల ముంచి చంపినాడు. లండను దారి పట్టి పారిపోయినాడు. అతని వెంటబడి పోయినవారికి దారిలో ఒక గడ్డివామి దగ్గర రెండు బొంత కాకులు గడ్డి పీకుతూ గోల చేయడం కనిపించినది. వాడు అక్కడ పడుకొని ఉన్నాడు. నాకిన్ మైదానంలో ఉరి తీసినారు. ఇక్కడ గాఫ్‌లో పురాణశ్రోత మేలుకొన్నాడనడంలో సందేహం లేదు. కాకులు ధర్మదేవత దూతలుగా వచ్చినవి. అతడు పాతకాలపు మనిషి. పాపానికి శిక్ష ఈ లోకంలోనే కనబడాలని కోరుకుంటాడు, కనబడినచోట వదలిపెట్టడు. మిడిల్ కోటలో కాపురమున్న హంఫ్రీ కినాస్టన్ అనే బందిపోటు తన గుర్రంతో సెవర్న్ నదిమీది వంతెన తెగినచోట దూకిపోయిన కథను కూడ అంతే ఇష్టంగా చెప్పినాడు.

కాని నా దృష్టిలో ఈ పుస్తకం అత్యున్నత స్థాయిని అందుకున్నది అంతర్యుద్ధం ప్రస్తావనలో. 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం ఆరంభమైనప్పుడు గాఫ్ ఏడెనిమిదేండ్ల పిల్లవాడు. రాజుగారి పక్షాన సైన్యంలో చేరే పురుషులందరూ మిడిల్ కొండమీదికి రావాలని కబురు వచ్చినది. ఈ పిల్లవాడు తమాషా చూడటానికి పోయినాడు. చేతిలో కాగితంతో ఒక పెద్దమనిషి నిలబడి, చేరినవారికి వారానికి పద్నాలుగు గ్రోట్లు జీతమని చాటినాడు. గ్రోటు అంటే నాలుగు పెన్నీల నాణెం. ఆ వయస్సులో విన్న జీతం మొత్తాన్ని అరువది ఏండ్ల తరువాత కాగితంమీద పెట్టినాడంటే, ఆ అంకె పల్లెటూరి కూలివాని చెవికి ఎట్లా వినిపించి ఉంటుందో అతనికి తెలుసునన్న మాట.

తరువాత ఎవరెవరు పోయినారో చెప్పుకుంటూ వచ్చినాడు. పేరుతో, ఇంటితో, చావుతో. మారుపేరు స్కోగన్ అని పిలువబడే విలియం ప్రీస్ తన ముగ్గురు కొడుకులతో సహా చేరినాడు. ఇద్దరు కొడుకులు ఒకే చోట యుద్ధంలో చచ్చినారు. మూడవవాణ్ని గుర్రాల దొంగతనానికి ఉరి తీసినారు. ముసలివాడు తన మంచంమీదనే పోయినాడు. ఇల్లు వాకిలి లేక, ఊరూరా తిరిగి బట్టలు కుట్టుకునే దర్జీ ఒకడు పోయినాడు. మరల వాని మాట వినబడలేదు. అన్నీ చెప్పిన తరువాత లెక్క కట్టినాడు. మిడిల్, మార్టన్, న్యూటన్, ఈ మూడు ఊళ్లనుంచి ఇరువదిమంది పోయినారు, పదముగ్గురు చచ్చినారు. మూడు చిన్న ఊళ్లనుంచి ఇంతమంది పోతే దేశం మొత్తంమీద ఎన్ని వేలమంది పోయి ఉంటారో ఊహించుకోవచ్చునని ఒక మాట అన్నాడు.

ఆ ఊహ చాల విలువైనది. యుద్ధాన్ని గురించి ఆ కాలంలో గ్రంథాలు వ్రాసిన ప్రభువులూ, సేనానులూ, మతాచార్యులూ పైనుంచి కిందికి చూచినారు. వారి లెక్కలో సైనికులు వేలు, గుర్రాలు వందలు. గాఫ్ కిందినుంచి పైకి లెక్కించినాడు. మొదట దర్జీ, తరువాత పదముగ్గురు, తరువాత దేశం. అతని వేలకు ముఖాలున్నవి.

ఈ వృత్తాంతంలోనే కమ్మరి ఇంటి ఘట్టం ఉన్నది. రాజపక్షపు అశ్వికదళ అధికారి కాలిన్స్ అనే ఐర్లండువాడు గుర్రానికి లాడం వేయించుకోవడానికి మిడిల్‌లో అలెన్ చాలొనర్ అనే కమ్మరి కొలిమి దగ్గర ఆగినాడు. పార్లమెంటు పక్షపు గుంపు మీద పడినది. తుపాకి దెబ్బ తగిలిన కాలిన్స్‌ను కమ్మరి ఇంట నేలమీద పడుకోబెట్టినారు. పడుకోవడానికి పరుపేదైనా ఇమ్మని అతడు అడిగినాడు. ముందునాడే సోదా చేసి దౌర్జన్యం చేసిపోయిన మనిషి అతడు. ఇంటి ఇల్లాలు మార్గరెట్ ఆ మాట అతనికి గుర్తు చేసినది. అయినా ఒక పాత పరుపు తెచ్చి వేసినది. బడిపంతులుగా కూడ ఉన్న మతాచార్యుణ్ని ప్రార్థనకు పిలిచినారు. గురువు వెంట గాఫ్ కూడ పోయినాడు. నేలమీద రక్తం పారుతూ ఉండటం కళ్లారా చూచినాడు. ఇంతే. కాలిన్స్‌మీద జాలి గాని, ఆ ఇల్లాలిమీద ప్రశంస గాని లేదు. రెండు పక్షాలలో ఏది న్యాయమైనదో ఒక్క అక్షరం లేదు. ఆమె మాటా, పరుపూ, రక్తమూ ఉన్నవి. పెద్ద నవలాకారులు ఇట్టి సంయమనానికి ఎంతో సాధన చేస్తారు. ఈయనకు అది అలవాటులో వచ్చినట్లున్నది. బహుశః సాక్షుల వాఙ్మూలాలు వ్రాసుకున్న గుమాస్తా చేతికి వచ్చిన అలవాటు.

పూర్వుల దుర్గుణాలు బయటపెట్టినందుకు తనను నిందించేవారు ఉంటారని గాఫ్‌కు తెలుసు. ఆ ప్రస్తావన అతడే తెచ్చినాడు. అట్లా నొచ్చుకొన్నవాడు తాను పోయిన తరువాత తన పేరుకు మచ్చ రాకుండా జాగ్రత్తపడితే చాలుననీ, తాను ద్వేషంతో ఏదీ వ్రాయలేదనీ అన్నాడు. ఇందులో ఇంత వ్యర్థమైన సంగతి ఎందుకని అడిగేవారికి మరొక సమాధానం చెప్పినాడు. ఇక్కడ వ్రాసిన ప్రతి విషయమూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి అవసరపడవచ్చునట. ఈ రెండవ సమాధానం నాకు చాల ఇష్టం. కీర్తికోసం వ్రాసినవాడు ఇట్లా అనడు. ఈ మాటలో దస్త్రం భద్రపరిచేవాని నమ్మకం ఉన్నది.

ఊరివారు చదివి ఒప్పుకుంటారా, కాదంటారా అన్న భయం ఎదుట ఉన్నవాని వచనం వేరుగా ఉంటుంది. రాజాస్థానంలో కూర్చుండి దేశాన్ని పొగడేవానికి ఆ భయం లేదు. దూరంనుంచి దూషించేవానికీ లేదు. మిడిల్‌లో ఒక పెళ్లి తేదీ తప్పు వ్రాస్తే మరుసటి ఆదివారం బల్లమీద కూర్చున్నవాడు తిరిగి చూస్తాడు. గాఫ్ వాక్యాలు పొట్టివిగా, విశేషణాలు తక్కువగా ఉండటానికి ఇదే కారణమని నా అభిప్రాయం. భార్యాభర్తలు ఇద్దరూ రోజూ తాగుడు దుకాణానికి నడిచిన ఒక సంసారం కూలిపోయిన తీరు చెప్పవలసి వచ్చినప్పుడు, కొంతకాలానికి వారి ఆవులు కూడ అదే దారి పట్టినవన్నట్లు ఒక్క ముక్కలో తేల్చివేసినాడు. అంతకు మించి చెప్పనక్కర లేదు. ఊళ్లో అందరికీ తెలుసు.

వ్రాతప్రతి గాఫ్ జీవితకాలంలో అచ్చు కాలేదు. పోయిన నూట పదకొండు సంవత్సరాలకు, 1834లో, సర్ థామస్ ఫిలిప్స్ అనే వ్రాతప్రతుల సంగ్రాహకుడు దానిని మొదట ముద్రించినాడు. 1875లో మరింత సమగ్రమైన ముద్రణ వచ్చినది. చాలకాలం దీనిని వింత కథల సంపుటంగానే చూచినారు. ఇరువదవ శతాబ్దిలో దృష్టి మారినది. లెస్టర్‌లో 1948 నాటికి ఇంగ్లండు స్థానిక చరిత్రకు ప్రత్యేకశాఖ నెలకొల్పిన హాస్కిన్స్ ఈ పుస్తకాన్ని ఎంతో గౌరవించినాడు. 1968 ముద్రణకు పీఠిక వ్రాసినాడు. ఆ సంప్రదాయంలో పైకి వచ్చిన డేవిడ్ హే 1974లో ట్యూడర్, స్టూవర్టు రాజుల కాలపు మిడిల్‌ను గురించి ఒక సమగ్ర పరిశోధన ప్రకటించినాడు. చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, ఆస్తుల జాబితాలు, కోర్టు కాగితాలు తిరగవేసి గాఫ్ చెప్పినవాటిని సరిచూచినాడు. ముసలివాని జ్ఞాపకం ఆశ్చర్యం కలిగించేంత నిక్కమైనదని తేలినది. పెంగ్విన్ వారు 1981లో వేసిన ప్రతికి సంపాదకుడు కూడ హే గారే. ఆయన 2016లో పోయినాడు. గాఫ్‌ను రక్షించిన కృషిలో ఆయనకు పెద్ద పాలు ఉన్నది. అయితే ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. హే గ్రంథంలో మిడిల్ మనకు బాగా అర్థమవుతుంది. గాఫ్ గ్రంథంలో మనం మిడిల్‌లో ఉంటాము. అధ్యాయాలు మారినవి. అక్కడ బల్లల స్థానంలో భూస్వాములు, పాడి రైతులు, కూలివారు అనే వర్గాలు వచ్చినవి. కోళ్ల దొంగ ఒక ఉదాహరణ అయినాడు.

ఈ పుస్తకాన్ని తెలుగు చేయబూనిన వానికి మొదటి పుటలోనే చేయి ఆగుతుంది. చర్చిలోని ఆ ఆసనానికి ఏ మాట వాడాలి? ఇంతవరకు నేను బల్ల అంటూ వచ్చినాను. కాని తెలుగు క్రైస్తవులకు బల్ల అంటే ప్రభువు బల్ల. బల్లారాధన అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారం. తెలుగు క్రైస్తవ పాఠకుడు బల్లకోసం తగవు అని చదివితే మరొక తగవు అనుకుంటాడు. బెంచీ అంటే బడి గుర్తుకు వస్తుంది. పీట అంటే పెళ్లి. పారిష్ అన్నదానికి కథోలిక క్రైస్తవులు విచారణ అనే చక్కని మాట వాడుతారు. ఇతరులకు అది పోలీసు విచారణ. ఇట్టి పదాలకోసం నిఘంటువు వెదకడం వృథా. ఆలోచించిన కొద్దీ నాకు వరుస అన్న మాట దగ్గర మనస్సు నిలిచినది. కూర్చున్నవారి బారు వరుస. ఒకని తరువాత ఒకడు రావడం వరుస. బంధుత్వమూ వరుసే, ఆయన మీకేమి వరుస అని అడుగుతాము, వావి వరుసలు అంటాము. గాఫ్ ఒక బారులో కూర్చున్నవారిని చూపి, వారు ఒకరికొకరు ఏమవుతారో చెప్పుకుంటూ పోయినాడు. ఇంగ్లీషులో అతడు పటం గీసి, ఆపైన కథ చెప్పి రెండుగా సాధించిన దానిని తెలుగు ఒక్క మాటలో పొదువుకొన్నది. అనువాదకునికి ఇట్టి లాభాలు అరుదుగా దొరుకుతవి. నష్టాలు మాత్రం పుటపుటకూ ఉన్నవి. అతని వచనపు తీరు తెలుగులో ఎక్కడ దొరుకుతుంది? ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్రలో, బహుశః. ఆయన కూడ చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830లో బయలుదేరి దారిలో మజిలీ మజిలీకీ నీళ్లూ, రేవులూ, సత్రాలూ వ్రాసుకుంటూ పోయినవాడు. ఆ గ్రంథం 1838లో అచ్చయినది. కచ్చేరీలో తీరిన వచనానికి అలంకారాలు అంటవు.

తెలుగు పాఠకునికి ఇక్కడ మరొక పోలిక తోచక మానదు. గాఫ్ తరువాత నూరేండ్లకు మన ఊళ్ల చరిత్రలు కూడ వ్రాతకు ఎక్కినవి. కాలిన్ మెకంజీ దొర సేకరింపజేసిన కైఫీయత్తులు అవి. కావలి బొర్రయ్య, ఆయన 1803లో పోయిన తరువాత తమ్ముడు లక్ష్మయ్య, వారి కింది మనుష్యులు ఊరూరా తిరిగి కరణాల వద్ద కవిలెలు చూచి, పెద్దలను అడిగి వ్రాసిన ఈ వృత్తాంతాల విలువను మన చరిత్రకారులు గుర్తించినారు. ఊరు ఎట్లా పుట్టినది, ఏ ప్రభువుల కింద ఉన్నది, గుడి ఎవరు కట్టించినారు, మాన్యాలు ఎవరివి, మిరాసీ ఎవరిది, ఇవన్నీ వాటిలో ఉన్నవి. ఫారసీ మాటలు కలిసిన ఆ కచ్చేరీ తెలుగు కూడ ఒక గొప్ప వచన సంపద. కాని ప్రశ్న అడిగినది సర్వే అధికారి పంపిన మనిషి. జవాబు చెప్పినవాడు కరణం. ఎవరి కంచె ఎవరు పీకినారో ఆ కరణానికి తెలియకపోదు. అది ఎవరూ అడగలేదు. అడిగినా పైనుంచి వచ్చిన మనిషికి చెప్పి ఉండేవాడు కాడు. ఊరి గుట్టు ఊరివానికి చెప్పే తీరు వేరు, సర్కారుకు చెప్పే తీరు వేరు. గాఫ్‌ను ఎవరూ అడగలేదు. అతడు ఎవరికీ దాఖలు చేయలేదు. రెండు రచనల భేదం రచయితల ప్రతిభలో ఉన్నదనుకోవడం పొరపాటు. అది శ్రోతలో ఉన్నది. మన ఊళ్లకు ఈనాడు వెలువడుతున్న స్థానిక చరిత్రలలో దాతల జాబితాలు, ప్రముఖుల ఫొటోలు చూచినప్పుడు, వీటి శ్రోత ఎవరని నాకు అనుమానం వస్తుంది.

గాఫ్‌ను పొగడినంత మాత్రాన అతని లోపాలు కప్పిపుచ్చనక్కర లేదు. స్త్రీలను గురించి అతని తీర్పులు తరచు కరకుగా ఉంటవి. మగవాని చెడు నడత ఒక జబ్బు వలె, ఆడదాని చెడు నడత ఒక నేరం వలె కనిపించే సందర్భాలు ఉన్నవి. భర్తను అప్పులపాలు చేసిన తాగుబోతు ఇల్లాలి కథను ఎంత రుచిగా చెప్పినాడో, ఆమెకు ఆ తాగుడు ఎందుకు అలవడినదో అంత నిర్లక్ష్యంగా దాటిపోయినాడు. ఇంతకన్న పెద్ద లోపం పటంలోనే ఉన్నది. బల్ల ఇంటికి చెందినది కదా. ఇల్లు లేనివానికి బల్ల లేదు. పనిమనుషులు, పాలేర్లు, తిరుగుబోతు కూలివారు, ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ కాన్పు అయిన అనాథ స్త్రీలు, వీరందరూ ఇతరుల కథలలో వచ్చి పోతారు. పెళ్లాడితేనో, దొంగిలిస్తేనో, చస్తేనో కనిపిస్తారు. ఆ దర్జీ అట్టివాడే.

ఈ సంగతి గాఫ్‌కు స్పష్టంగా తట్టినదో లేదో గాని, బల్లల వరుస ముగిసిన తరువాత అతడు మరొక భాగం చేర్చినాడు. అది తన పారిష్‌కూ ఇతర పారిష్‌లకూ నడిచిన వ్యాజ్యాల వృత్తాంతం. ఆ కాలపు ఇంగ్లండు చట్టం ప్రకారం దిక్కులేనివాణ్ని పోషించే భారం వాని స్వంత పారిష్‌ది. ఏది వాని స్వంత పారిష్ అన్నదే తగవు. ఒక కుంటివాణ్నో, ఒక గర్భిణినో, ఒక ముసలివాణ్నో ఈ ఊరివారు ఆ ఊరికి తోలితే ఆ ఊరివారు కోర్టుకు పోయి తిరిగి ఇటు పంపేవారు. ఈ వ్యాజ్యాలలో గాఫ్ స్వయంగా మిడిల్ పక్షాన తిరిగినాడు. గెలిచినవి గర్వంగా చెప్పుకొన్నాడు, ఓడినవి కూడ దాచలేదు. ఇక్కడ అతని కలం ఒక్కసారిగా మారుతుంది. హాస్యం లేదు, కాకులు లేవు. తేదీలు, ఖర్చులు, ఎవరు ఏమి వాదించినది, న్యాయమూర్తులు ఏమన్నది మాత్రం ఉన్నవి. ఆ పేదవారి తల్లిదండ్రులెవరో, వారికి పాటలు వచ్చునో రావో, వారు ఎట్లా నవ్వేవారో మనకు చెప్పడు. ముందు బల్లవాని తాత ముత్తాతలనుంచి చెప్పిన మనిషికి, వీరిని గురించి చెప్పడానికి దొరికినది వారిమీద పారిష్‌కు అయిన వ్యయం ఒక్కటే. మూడు వందల సంవత్సరాల తరువాత, ఆ లెక్కలు వ్రాసి పెట్టినందుకే వారు ఉన్నారని మనకు తెలుసును.